టాక్సీలో వెళ్లిపోయిన ప్రధానమంత్రి

1918లో బ్రిటన్‌లో ఒక మూకీ సినిమా తీశారు. అప్పుడు ప్రధానమంత్రిగా ఉన్న డేవిడ్ లాయిడ్ జార్జ్ జీవితకథ అది. నిడివి రెండున్నర గంటలు. దర్శకుడు మారిస్ ఎల్వీ, కథ రాసింది సర్ సిడ్నీ లో అనే చరిత్రకారుడు, తీసింది ఐడియల్ అనే కంపెనీ. పత్రికల్లో ప్రకటనలు వచ్చాయి, థియేటర్ల వాళ్లు ఎదురుచూస్తున్నారు. ఇంతలో లాయర్లు ఆఫీసుకి వచ్చి, ఇరవై వేల పౌండ్లు వెయ్యి పౌండ్ల నోట్లుగా కంపెనీ చేతిలో పెట్టి, నెగటివ్‌నీ ప్రింటునీ టాక్సీలో వేసుకుని వెళ్లిపోయారు. కంపెనీ నడిపిన రౌసన్ అన్నదమ్ముల్లో ఒకరైన హారీ రౌసన్ తర్వాత రాసుకున్న జ్ఞాపకాల్లో ఈ సంగతి ఉంది.

ఆ తర్వాత 76 ఏళ్లపాటు ఆ సినిమా ఎవరి కంటా పడలేదు. 1994లో లాయిడ్ జార్జ్ మనవడు టెన్‌బీ ప్రభువు ఇంట్లో రీళ్లు బయటపడ్డాయి. వేల్స్ ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్లు వాటిని బాగుచేసి 1996 మే నెలలో కార్డిఫ్‌లో మొదటిసారిగా జనానికి చూపించారు. ఎవరి మీద తీశారో ఆ మనిషి 1945లోనే పోయాడు. తీసిన దర్శకుడూ అప్పటికే లేడు. ఏ ఓటర్ల కోసం తీశారో వాళ్లలో ఎంతమంది మిగిలి ఉంటారో ఊహించుకోవచ్చు.

శ్రీకాకుళంలో మా ఇంట్లో కూర్చుని ఈ సినిమా చూశాను. చూసినప్పటి నుంచి ఒక మాట గట్టిగా చెప్పాలని ఉంది. నాయకుల మీద తీసిన సినిమాలు ఓటర్లని మోసం చేస్తాయని మనం భయపడతాం. భయపడాల్సిందే. కానీ అంతకంటే పెద్ద నష్టం ఆ సినిమాలు మాయమైపోవడంలో ఉంది. నాయకుడు తన కథ ఎలా చెప్పించుకున్నాడో మన చేతిలో ఉంటేనే, అందులో ఎవరిని వదిలేశాడో తర్వాతి తరం పట్టుకోగలదు. ఆ సాక్ష్యాన్ని పాతిపెడితే మేలు నాయకుడికే, ఓటరుకి దక్కేది ఏమీ లేదు.

ముందు ఆ సినిమా ఏ రోజుల్లో తయారైందో చెప్పాలి. 1918 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో కొత్త చట్టం వచ్చింది. 21 ఏళ్లు దాటిన మగవాళ్లందరికీ, 30 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో చాలామందికి ఓటు వచ్చింది. అంతకుముందు 80 లక్షలకు దగ్గరగా ఉన్న ఓటర్లు ఒక్కసారిగా రెండు కోట్లు దాటారు. నవంబరులో యుద్ధం ముగిసింది. డిసెంబరు 14న పోలింగ్. దేశమంతా ఒకే రోజున ఓటు వేయడం అక్కడ అదే మొదలు. కోటిమందికి పైగా కొత్త ఓటర్లు, వాళ్లలో వారం వారం సినిమాకి వెళ్లే కూలీలు ఎందరో. అలాంటప్పుడు పదవిలో ఉన్న ప్రధాని మీద రెండున్నర గంటల సినిమా అంటే అది ఉట్టి వినోదం కాదు. మొదట దానికి అనుకున్న పేరు కూడా 'సామ్రాజ్యాన్ని కాపాడిన మనిషి' అనే.

మరి అంతగా పనికొచ్చే సినిమాని ఎందుకు ఆపేశారు? దీనిమీద చాలా వాదనలు ఉన్నాయి. హొరేషియో బాటమ్లీ అనే పత్రికాధిపతి తన 'జాన్ బుల్' పత్రికలో రౌసన్ అన్నదమ్ముల మీద విరుచుకుపడ్డాడు. వాళ్లు యూదులు, అసలు ఇంటిపేరు రోసెన్‌బామ్. యుద్ధ కాలంలో జర్మన్ వాసన వేసే పేరు ఉంటే చాలు, దేశద్రోహి ముద్ర వేయడానికి. వాళ్లు పరువు నష్టం కేసు వేశారు. ఆ గొడవ ప్రధానికి అంటుకుంటుందని భయపడి ఉండొచ్చు. లాయిడ్ జార్జ్‌ది లిబరల్ పార్టీ, ఆయన సంకీర్ణ ప్రభుత్వంలో ఉన్న కన్సర్వేటివ్ పార్టీ వాళ్లకి తమ నాయకుడు కాని మనిషిని ఇంతలా ఎత్తడం రుచించక ఉండొచ్చు. ఏదైనా కానీ, నన్ను కలవరపెట్టింది కారణం కంటే పద్ధతి. కోర్టు ఆపలేదు, సెన్సారు ఆపలేదు. నగదు ఇచ్చి, రీళ్లు తీసుకుని, తలుపు వేసేశారు. ప్రశ్న అడగడానికి ఒక కాగితమైనా మిగల్చలేదు.

ఇక సినిమా. లాయిడ్ జార్జ్ ఆ కాలంలో బ్రిటన్‌లోకెల్లా పేరున్న వక్త. మాటతో జనాన్ని నవ్వించి, ఏడిపించి, రెచ్చగొట్టగలిగినవాడు. అలాంటివాడి కథని మాట వినపడని సినిమాగా తీశారు! మొదటి పావుగంట నాకు ఇదే పెద్ద లోటుగా తోచింది. నార్మన్ పేజ్ అనే నటుడు చెయ్యి ఊపుతాడు, వేలు చూపిస్తాడు, నోరు తెరుస్తాడు. ఏం చెప్పాడో ఒక అట్ట మీద రెండు వాక్యాలుగా వస్తుంది. అంతే.

కానీ కాసేపటికి కళ్లు వేరే చోటికి పోతాయి. వినేవాళ్ల మీదికి. 1901 డిసెంబరులో బర్మింగ్‌హామ్ టౌన్‌హాల్లో జరిగిన అల్లరిని ఎల్వీ మళ్లీ తీసిన తీరు చూడండి. దక్షిణాఫ్రికాలో బ్రిటన్ చేస్తున్న బోయర్ యుద్ధం తప్పని చెప్పడానికి లాయిడ్ జార్జ్, ఆ యుద్ధానికి పెద్ద దిక్కుగా ఉన్న జోసెఫ్ చాంబర్లేన్ సొంత ఊరికి వెళ్తాడు. జనం హాలు మీద పడతారు. చివరికి పోలీసు దుస్తులు వేసుకుని, పోలీసుల మధ్యలో నడుచుకుంటూ బయటపడతాడు. నిజంగా జరిగిందే ఇది. తెర మీద ఆ గుంపు కెరటంలా కదులుతుంటే, అంతమందిని పోగుచేసి తీసిన దర్శకుడి ధైర్యానికి దండం పెట్టాలనిపించింది. ప్రసంగం వినపడదు కాబట్టి ఆ ముఖాలనే చూస్తూ ఉండిపోతాం. ఒకడు నిజంగా కోపంగా ఉన్నాడు. ఒకడు పక్కవాడు అరుస్తున్నాడు కాబట్టి అరుస్తున్నాడు. ఒకడు వేడుక చూడటానికి వచ్చాడు. ఒక్క దృశ్యంలో రాజకీయ సభ అంటే ఏమిటో తెలిసిపోతుంది.

ఇది చూశాక నేను ఇంకో పని చేశాను. 2024 మే 13న మన దగ్గర పోలింగ్ జరిగింది కదా, దానికి ముందు మా జిల్లాలో జరిగిన సభల వీడియోలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. అన్ని పార్టీలవీ. వాటిని సౌండ్ పూర్తిగా తీసేసి చూశాను. మీరూ చూడండి. మన దగ్గర నాయకుడంటే ముందు గొంతే గుర్తొస్తుంది. సవాలు, పంచ్ డైలాగు, 'తమ్ముళ్లూ' అన్న పిలుపు, మైకు మీద పాట. అవి తీసేస్తే వేదిక మీద ఎవరు ఎక్కడ కూర్చున్నారో కనపడుతుంది. ముందు వరుసలో కుర్చీ దొరకని స్థానిక నాయకుడి ముఖం కనపడుతుంది. సర్పంచిగా గెలిచిన ఆవిడ వెనకాల నిలబడి ఉంటే, ఆవిడ భర్త ముందుకొచ్చి దండ వేయడం కనపడుతుంది. మూడు గంటల ఎండలో బస్సుల్లోంచి దిగిన ఆడవాళ్లు నెత్తి మీద కొంగు కప్పుకుని, మజ్జిగ ప్యాకెట్ కోసం చూడటం కనపడుతుంది. నాయకుడు 'మీ కోసం' అన్నప్పుడు (ఆ మాట పెదవుల మీదే తెలిసిపోతుంది) వాళ్లు చప్పట్లు కొట్టరు, కొట్టమని ఎవరో ముందు నుంచి చెయ్యి ఊపుతారు. గొంతు ఉన్నంతసేపూ ఇవేవీ నాకు కనపడలేదు. గొంతు మన చెవుల్ని పట్టుకుని లాక్కుపోతుంది, కళ్లు దాని వెనకే పోతాయి.

వందేళ్ల నాటి సినిమా నాకు చూడటం నేర్పింది. అందుకే ఇది ఎక్కడో వేల్స్‌లోని పాత రీళ్ల ముచ్చట కాదంటాను.

లాయిడ్ జార్జ్ పుట్టింది మాంచెస్టర్‌లో, 1863లో. ఏడాదిన్నర నిండే లోపే తండ్రి పోయాడు. లానిస్టమ్‌డ్వి అనే వేల్స్ పల్లెలో చెప్పులు కుట్టే మేనమామ రిచర్డ్ లాయిడ్ పెంచాడు. ఆ పల్లెకి జమీందారు లాంటివాడు ఎలిస్ నానీ. 1890 ఏప్రిల్‌లో కార్నార్వన్ ఉపఎన్నిక వచ్చినప్పుడు కన్సర్వేటివ్ అభ్యర్థి ఎవరో కాదు, ఆ ఎలిస్ నానీయే. లాయిడ్ జార్జ్‌కి 1,963 ఓట్లు, జమీందారుకి 1,945. పద్దెనిమిది ఓట్ల తేడా. ఆ సీటు నుంచి ఆయన 1945 దాకా కదల్లేదు.

చెప్పులు కుట్టే ఇంట్లో పెరిగిన కుర్రాడు తన ఊరి దొరని ఓడించాడు. సినిమాకి ఇంతకంటే ఏం కావాలి? కానీ నేను ఆ పద్దెనిమిది మంది గురించే ఆలోచిస్తూ ఉండిపోయాను. వేల్స్‌లో 1868 ఎన్నికల్లో దొర చెప్పినవాడికి కాకుండా వేరేవాడికి ఓటేసినందుకు కౌలు రైతుల్ని పొలాల్లోంచి వెళ్లగొట్టారు. అప్పట్లో ఓటు అందరి ఎదుటా చెప్పాల్సి వచ్చేది. రహస్య ఓటు 1872లో వచ్చింది. ఆ చట్టం లేకపోతే, ఆ భయం ఇంకా ఇళ్లల్లో మాట్లాడుకునే రోజుల్లో కూడా గుండె గట్టి చేసుకుని ఓటేసినవాళ్లు లేకపోతే, ఈ వీరుడు ఎక్కడివాడు? జీవితకథ సినిమా నాయకుడి చుట్టూ తిరుగుతుంది కాబట్టి గెలుపు ఆయన తెలివిలాగా, తెగువలాగా కనపడుతుంది. అసలు తెగువ ఓటరుది.

మన ప్రాంతంలో దీనికి అచ్చంగా జోడీ ఉంది. బొబ్బిలి రాజా శ్వేతాచలపతి రామకృష్ణ రంగారావు 1932 నవంబరులో మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధాని అయ్యాడు. అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు. జస్టిస్ పార్టీ నాయకుడు, సంస్థానాధీశుడు, డబ్బుకీ బలగానికీ లోటు లేదు. 1937 ఎన్నికల్లో సొంత గడ్డ మీదే కాంగ్రెస్ అభ్యర్థి వి.వి. గిరి చేతిలో ఓడిపోయాడు. ఆ గిరి తర్వాత రాష్ట్రపతి అయ్యాడు. అప్పుడు ఓటు అందరికీ లేదు, ఆస్తో చదువో శిస్తో ఉన్నవాళ్లకే. అంటే రాజుగారిని ఓడించినవాళ్లలో ఎక్కువమంది ఆయన ఎస్టేటుతో రోజూ పని పడేవాళ్లే. కచేరీకి వెళ్లి నిలబడాల్సినవాళ్లు, శిస్తు రసీదు కోసం తిరగాల్సినవాళ్లు. మన పుస్తకాల్లో ఈ కథ 'గిరి గెలిచాడు' అని ఒక వాక్యంలో అయిపోతుంది. ఓటేసి ఇంటికొచ్చిన రైతు ఆ రాత్రి ఎలా పడుకున్నాడో ఎవరూ రాయలేదు.

ఇప్పుడు పింఛన్ల సంగతికి వస్తాను. ఈ సినిమా మీద నా అభిప్రాయం తేలింది ఇక్కడే.

బ్రిటన్‌లో వృద్ధాప్య పింఛను చట్టం 1908లో వచ్చింది. 1909 జనవరి 1 నుంచి, 70 ఏళ్లు దాటిన పేదవాళ్లకి వారానికి ఐదు షిల్లింగుల దాకా పోస్టాఫీసులో ఇవ్వడం మొదలైంది. అంతకుముందు ఏ దిక్కూ లేని ముసలివాళ్లు వర్క్‌హౌస్ అనే చోటికి పోయి, మొగుడూ పెళ్లాలు వేరువేరు గదుల్లో, ఖైదీల్లాగా బతకాల్సి వచ్చేది. సినిమాలో ఆ వర్క్‌హౌస్ గోడలు తెర మీద కరిగిపోతాయి. కెమెరా పనితనం అంతగా ముదరని 1918లో అది అద్భుతమైన దృశ్యం. నాకు గొంతు పట్టేసింది, నిజం చెబుతున్నాను.

ఆ వేళకి మా పెద్దమ్మ ఊరి నుంచి వచ్చి ఉంది. ఆవిడకి వితంతు పింఛను వస్తుంది. నా పక్కన కూర్చుని చూస్తోంది. ఆ ముసలివాళ్లని చూసి, "ఏటిరా బావూ, ఆలకీ పింఛనీయేనా?" అంది. అవును పెద్దమ్మా, వందేళ్ల పైమాట అన్నాను. "ఎవుడిచ్చేడు?" అంది వెంటనే.

ఎవడిచ్చాడు! మన దగ్గర పింఛను గురించి అందరూ అడిగే ప్రశ్న ఇదే. 200 రూపాయలు ఉన్నది 2014లో 1,000 అయింది, 2019 ఎన్నికల ముందు 2,000 అయింది, ప్రభుత్వం మారాక 2,250 నుంచి మెట్లు మెట్లుగా 2024 జనవరికి 3,000 అయింది, మళ్లీ ప్రభుత్వం మారి అదే ఏడు జూలైలో 4,000 అయింది. ఒకప్పుడు వాలంటీరు తెచ్చి ఇచ్చేవాడు, ఇప్పుడు సచివాలయం ఉద్యోగి తెచ్చి ఇస్తున్నాడు. వేలిముద్ర అదే. డబ్బు కూడా అదే ఖజానాలోంచి వస్తుంది. పథకం పేరు మాత్రం ప్రతిసారీ మారుతుంది, ఆ పేరులో ఒక మనిషి ఉంటాడు. మా పెద్దమ్మ ఒక్కో నోటునీ ఒక్కో నాయకుడి పేరుతో గుర్తుపెట్టుకుంది. ఆవిడని తప్పుపట్టను. అలా గుర్తుపెట్టుకునేలా ఇన్నేళ్లూ అందరూ కలిసి నేర్పారు.

ఆవిడ ప్రశ్నకి జవాబు కోసం చరిత్ర తిరగేస్తే తేలింది ఇది. బ్రిటన్ పింఛను పథకాన్ని ఆర్థికమంత్రిగా ఉండగా తయారుచేసింది హెర్బర్ట్ ఆస్క్విత్. 1908 ఏప్రిల్‌లో ప్రధాని అయినా, ఆ ఏడాది బడ్జెట్‌ని తనే సభలో పెట్టి పింఛన్ల సంగతి ప్రకటించాడు. కొత్త ఆర్థికమంత్రిగా వచ్చిన లాయిడ్ జార్జ్ ఆ బిల్లుని సభలో నడిపించి గట్టెక్కించాడు. అదీ చిన్న పని కాదు. కానీ జనం నోట్లో అది లాయిడ్ జార్జ్ పింఛనే అయింది. ఆస్క్విత్ కంటే ముందు కూడా దశాబ్దాల తరబడి దానికోసం అడిగిన కార్మిక సంఘాలున్నాయి, ముసలివాళ్ల పేదరికాన్ని ఇంటింటికీ తిరిగి లెక్కకట్టిన చార్లెస్ బూత్ లాంటివాళ్లు ఉన్నారు. ఆ గోడలు కరిగిపోయే దృశ్యంలో చట్టం ఒక్క మనిషి మహిమ అయిపోయింది. ఇంకో సంగతి కూడా ఉంది. 1916 డిసెంబరులో లాయిడ్ జార్జ్ ప్రధాని అయింది ఈ ఆస్క్విత్‌ని దింపే. సంకీర్ణంలోని ప్రత్యర్థి పార్టీ వాళ్లతో చేతులు కలిపి, సొంత పార్టీని రెండుగా చీల్చి. సినిమా ఆ ఎక్కడాన్ని దేశం పట్ల బాధ్యతగా చూపిస్తుంది తప్ప పదవి మీద ఆశగా ఎక్కడా చూపించదు.

నాకు పదవి మీద ఆశ అంటే అసహ్యం లేదు. ఆశ లేనివాడు పద్దెనిమిది ఓట్లతో గెలిచే పోటీకి దిగడు, బర్మింగ్‌హామ్ వెళ్లి రాళ్లు తినడు. ఆశపడ్డాడని చూపిస్తే నాయకుడు చిన్నవాడైపోడు. ఆ ఆశని దాచడం కోసం పక్కవాళ్లని చెరిపేస్తారే, అక్కడే నా గొడవ.

మా జిల్లాలో దీనికి కళ్లెదుటి ఉదాహరణ ఉద్దానం. కొబ్బరీ జీడితోటల మధ్య ఏళ్ల తరబడి కిడ్నీలు పాడై మనుషులు పోయారు. 2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి బాధితులతో కూర్చున్నాడు, దేశమంతా అటు చూసింది. డయాలసిస్ కేంద్రాల గురించి తెలుగుదేశం వాళ్లు చెబుతారు. 2023 డిసెంబరులో జగన్మోహన్ రెడ్డి పలాసలో కిడ్నీ ఆసుపత్రినీ, వంశధార నీళ్లు తెచ్చే మంచినీటి పథకాన్నీ ప్రారంభించాడు. ముగ్గురి మీద మూడు సినిమాలు తీస్తే మూడింట్లోనూ ఉద్దానం గోడలు కరిగిపోతాయి, ప్రతిసారీ ఒక్కడి చేతి మీదుగా. వారానికి రెండు మూడుసార్లు బస్సెక్కి డయాలసిస్‌కి వెళ్లిన మనిషి, తోడు వెళ్లి కూలి పోగొట్టుకున్న భార్య, ఎవరూ పట్టించుకోని రోజుల్లోనే నీళ్ల నమూనాలు పట్టుకుని తిరిగిన డాక్టర్లు, ఆఫీసుల ముందు కూర్చున్న ఊరివాళ్లు, వీళ్లు ఆ మూడు సినిమాల్లోనూ గుంపులో ముఖాలుగానే ఉంటారు.

ఇచ్ఛాపురం అనగానే పాదయాత్రలు గుర్తొస్తాయి. 2003 జూన్‌లో రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచి నడిచి అక్కడ ముగించాడు. 2013 ఆగస్టులో షర్మిల అక్కడే ముగించింది. 2019 జనవరి 9న జగన్ 3,648 కిలోమీటర్ల నడక అక్కడే ముగించాడు. ఒక కుటుంబం ఆశలన్నీ మన రాష్ట్రపు చివరి ఊరి దాకా నడిచి వచ్చాయి. సరిగ్గా ఆ 2019 జనవరి 9నే ఎన్టీ రామారావు జీవితకథ మొదటి భాగం థియేటర్లలో దిగింది. ఫిబ్రవరిలో రాజశేఖరరెడ్డి పాదయాత్ర మీద సినిమా వచ్చింది. అదే నెలలో రామారావు కథ రెండో భాగం. ఏప్రిల్ 11న పోలింగ్. రామారావు చివరి రోజుల మీద తీసిన ఇంకో సినిమాని మాత్రం పోలింగ్ అయ్యేదాకా ఆంధ్రలో ఆడనివ్వలేదు. ఆ ఏప్రిల్‌లోనే ప్రధాని నరేంద్ర మోదీ మీద తీసిన సినిమాని ఎన్నికల కమిషన్ ఆపితే, అది ఫలితాల మర్నాడు, మే 24న విడుదలైంది.

అలా ఆపడం సమంజసమేనా అని నా స్నేహితులతో చాలాసార్లు వాదన పడింది. నా లెక్క ఇది. పోలింగ్‌కి ముందు కొన్ని వారాలు ఆపడం న్యాయం. ఎవరు ఆపారో, ఏ రోజు దాకా ఆపారో కాగితం మీద ఉంటుంది, దానిమీద కోర్టుకి వెళ్లొచ్చు, గడువు కాగానే అందరూ చూసి తిట్టొచ్చు, మెచ్చుకోవచ్చు. 1918లో జరిగింది దీనికి పూర్తిగా వేరు. అక్కడ ఓటరుని కాపాడటానికి ఎవరూ ఆపలేదు. అధికారంలో ఉన్నవాళ్ల సౌకర్యం కోసం కొనేశారు. ఆ సినిమా అప్పుడే విడుదలై ఉంటే, ఆస్క్విత్ వైపు పత్రికలు మర్నాడే చీల్చి చెండాడేవి. పింఛను ఎవరిదని గొడవపడేవారు. కొత్తగా ఓటొచ్చిన ఆడవాళ్లు తమని ఇందులో ఎలా చూపించారో చెప్పేవారు. ఆ వాదన అంతా జరక్కుండానే పోయింది. 1996లో చూసినవాళ్లు అబ్బురపడ్డారు, నాలాంటివాడు గొంతు పట్టేసి చూశాడు. ఎదురు మాట చెప్పాల్సినవాళ్లు మాత్రం అప్పటికి లేరు.

నాయకుడి బదులు ఓటరుని నడిమధ్యన నిలబెట్టిన సినిమా మన తెలుగులోనే వచ్చింది. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'రైతుబిడ్డ'. జమీందారు నిలబెట్టిన మనిషికి ఓటేయనని తిరగబడిన రైతుగా బళ్లారి రాఘవ నటించాడు. తీసిన సారథి అనే సినిమా కంపెనీ వెనక ఉన్నది చల్లపల్లి రాజా, ఆయనే ఒక జమీందారు. మిగతా జమీందార్లు మండిపడ్డారు, కొన్ని చోట్ల ఆడనివ్వలేదు. రాజుగారు బొబ్బిలిలో ఓడిపోయి అప్పటికి రెండేళ్లే. ఆ ఓటు వెనక ఉన్న భయం అప్పటికి పచ్చిగానే ఉంది. లాయిడ్ జార్జ్ సినిమాలో పద్దెనిమిది ఓట్లు ఒక అంకె. రామబ్రహ్మం సినిమాలో ఒక్క ఓటు ఒక మనిషి బతుకు మొత్తం. ఎన్నికల మీద సినిమా తీయాలనుకునే కుర్రాళ్లకి నేను చూపించేది రెండోదే.

మన మూకీల గతి తలచుకుంటే మనసు పాడవుతుంది. రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ 1921లో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' ఈరోజు లేదు. దేశంలో వెయ్యికి పైగా మూకీలు తయారైతే మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని, వాటిలోనూ చాలావాటికి తోకో తలో లేదు. దక్షిణాదిలో మిగిలిన వాటిలో 1933 నాటి 'మార్తాండవర్మ' ఒకటి. తిరువాన్కూరు సింహాసనం కోసం జరిగే కుట్రల మీద అదే పేరుతో వచ్చిన నవల కథ. నవల అచ్చువేసిన వాళ్లు హక్కుల కోసం కేసు వేస్తే ప్రింటు జప్తు అయింది. పుస్తకాల కొట్టు వాళ్ల దగ్గర పడి ఉన్న ఆ ప్రింటు 1974లో పుణేలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కి చేరింది. పాత నైట్రేట్ రీళ్లు వాటంతట అవే పొడి అయిపోతాయి, నిప్పు తగిలితే భగ్గుమంటాయి. ఎవరూ కొని దాచకపోయినా, ఉట్టి నిర్లక్ష్యంతోనే టాక్సీ చేసిన పని జరిగిపోతుంది.

ఆ నిర్లక్ష్యం ఇప్పుడు మన రెండు జిల్లాల్లో సాగుతోంది. వీడియో కెమెరాలు వచ్చిన దగ్గర్నుంచి శ్రీకాకుళం, విజయనగరం, బొబ్బిలి, పలాస ఫోటో స్టూడియోల వాళ్లు ప్రతి ఎన్నికలకీ అభ్యర్థుల ఊరేగింపులు, సభలు వీహెచ్ఎస్ క్యాసెట్ల మీద తీశారు. పెళ్లి క్యాసెట్ల పక్కనే అవీ ఉండేవి. కేబుల్ ఆపరేటర్లు లోకల్ ఛానల్లో వేసినవి ఉన్నాయి. ఒక్కో పార్టీ కోసం మన జానపద గాయకులు కట్టిన పాటల ఆడియో క్యాసెట్లు ఉన్నాయి. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో, విజయనగరం మూడు లాంతర్ల దగ్గర నిలబడి ఎవరెవరు ఏం మాట ఇచ్చారో వాటిలో ఉంది. వాళ్ల చుట్టూ ఎవరు నిలబడ్డారో, ఎవరు లేరో అదీ ఉంది. ఇప్పుడు స్టూడియోలు మూతపడుతున్నాయి. క్యాసెట్లకి బూజు పడుతోంది, పాత ఇనుప సామాన్ల వాడికి పోతున్నాయి. గెలిచినవాళ్లవి కొన్ని వాళ్ల ఇళ్లల్లో ఉంటాయి. ఓడిపోయినవాళ్లవీ, డిపాజిట్ పోయినవాళ్లవీ దాచేవాళ్లు ఎవరూ లేరు.

ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయం ఉంది, విజయనగరంలో మహారాజా కళాశాల ఉంది, రెండు ఊళ్లలోనూ జిల్లా గ్రంథాలయాలున్నాయి. ఒక గది, క్యాసెట్ ఆడించే రెండు మిషన్లు, ఒక కంప్యూటరు, చరిత్ర చదివే నలుగురు పిల్లలు ఉంటే ఈ పని మొదలవుతుంది. ఏ పార్టీదని చూడకుండా ఉన్నది ఉన్నట్టు కాపీ తీయాలి, ఏ ఊరు, ఏ ఏడు, ఎవరు తీశారు అని రాసిపెట్టాలి, అడిగిన ప్రతివాళ్లకీ చూపించాలి. నా ఎరికలో ఉన్న స్టూడియోల వాళ్లని ఇప్పటికే అడగడం మొదలుపెట్టాను. కొందరు నవ్వారు, కొందరు అటక మీది పెట్టెలు దింపుతామన్నారు. మీ ఊళ్లో ఇలాంటి క్యాసెట్లు ఎవరి దగ్గరైనా ఉంటే, ముందు వాటిని అటక మీద వేడిలోంచి దింపి, తడి తగలని చోట నిలువుగా పెట్టించండి. పాత ప్లేయర్లో పెట్టి ఆడించి చూడొద్దు, బూజు పట్టిన టేపు ఒక్కసారికే తెగిపోతుంది.